ఆదివారం కొలిచిన ఆసుపత్రి

నేను గీసిన భవనాల్లో ఒక్కదానికే ప్రశంసాపత్రం వచ్చింది. ఆ ఒక్కదాన్నే తరవాత దగ్గరుండి పగలగొట్టించాను. మొత్తం కాదు లెండి. ఒక గాజు గోడ, ఒక పూలతొట్టి, సగం కుర్చీలు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "సార్, మీ వర్క్‌లో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ పగలగొట్టడమే. అదే చెబితే ముసలాయన సరదాకి అంటున్నాడనుకుని నవ్వేవారు. ఇప్పుడు రిటైరయ్యాను, తీరిక బోలెడంత ఉంది. అందుకని మొత్తం రాస్తున్నాను. చదివాక కూడా నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది శ్రీకాకుళం వైపు కుటుంబం. నాన్న రైల్వే ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. నేను రైల్వే కాలనీలో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరిగాను. ముందు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, పని చేస్తూనే ఆర్కిటెక్చర్ చదివాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడేనాటికి ఒక ప్రైవేటు ఆర్కిటెక్టు దగ్గర ఉన్నాను. ఆయన్ని పెద్దాయన అంటాను. హిందీ ఆయన, మాట తక్కువ, గీత చక్కన. నా పేరు రావు కాకపోయినా "రావ్ జీ" అనే పిలిచేవాడు. ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమి ఏదో ఒక రోజు రావుగారిమైపోతాం.

ఆ రోజుల్లో మా ఆఫీసులో అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు. నిన్నటిదాకా ఒక పెద్ద ఊరుగా ఉన్న రాయ్‌పూర్ ఉన్నట్టుండి రాజధాని అయింది. ఏ శాఖని చూసినా కొత్త భవనం కావాలనేది. ఆ ఊపులోనే మాకు ఒక ప్రభుత్వ ఆసుపత్రి పని వచ్చింది. పాత కట్టడానికి ఆనుకుని ఓపీ గదులు, ప్రసూతి విభాగం, జనం కూర్చోవడానికి ఒక పెద్ద హాలు కట్టాలి. పెద్దాయన ఆ పని మొత్తం నా చేతికి అప్పగించాడు. అంత పెద్ద పని నాకు అదే మొదటిది.

డ్రాయింగ్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఒక అలవాటు తెలుసు. నడుస్తున్న ఆఫీసుకో బడికో మార్పులు చేయాలంటే ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు కొలుచుకోవాలి. జనం తిరుగుతుంటే టేపు చాపడం కుదరదు. ఒకడు తొక్కుతాడు, ఇంకొకడు "క్యా నాప్ రహే హో భాయ్" అని, ఏం కొలుస్తున్నావంటూ కబుర్లు పెడతాడు. అందుకని సెలవు రోజు చూసుకుని వెళ్తాం. మేము కూడా వరసగా నాలుగు ఆదివారాలు వెళ్లాం. ఓపీ మూసి ఉంటుంది, వరండాలు ఖాళీ. ఎక్కడ కావాలంటే అక్కడ టేపు పరిచాం. కిటికీలు, స్తంభాలు, మెట్ల ఎత్తు, పాత గోడ ఎంత ఒరిగిందో అది కూడా. ఆ కొలతల్లో ఒక్క అంగుళం తేడా ఉండదని ఇప్పటికీ పందెం కాస్తాను.

హాలు గీయడంలో నేను ప్రాణం పెట్టాను. ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఎంత ఆందోళనగా ఉంటారో కదా, వాళ్ల కళ్లకి కాస్త పచ్చదనం కనబడాలి అనుకున్నాను. ఒక వైపంతా గాజు గోడ, దాని వెనక తోట. కుర్చీలన్నీ తోటకి ఎదురుగా. పైనుంచి వెలుతురు. డాక్టర్ల గదులు ఆ హాలుకి పక్కన, మలుపు తిరిగాక ఒక కారిడార్లో. హాలు ధారాళంగా ఉండాలని కారిడారు కాస్త తగ్గించాను. నిబంధన ఎంత చెబుతుందో అంత వెడల్పు ఉంచాను, ఒక్క జానెడు ఎక్కువ లేదు. మలుపు దగ్గర బోసిగా ఉందని మోకాలెత్తు సిమెంటు తొట్టి కట్టి క్రోటన్ మొక్కలు గీశాను. కాగితం మీద ఎంత బాగుందో చెప్పలేను.

ప్లాన్ల మీద ఆసుపత్రివాళ్ల సంతకాలు తీసుకోవాలి. ప్రసూతి విభాగానికి ఒక హెడ్ సిస్టర్ ఉండేది. భీమవరం వైపు క్రైస్తవ కుటుంబం, నర్సు ఉద్యోగం మీద ఎప్పుడో ఇక్కడికి వచ్చి ఊరి చివర మోవాలో ఇల్లు కట్టుకున్నారు. మా అమ్మాయి ఆవిడ చేతుల్లోనే పుట్టింది. ఆ రోజు నుంచీ ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకి తమ్ముడు. నోరు కరుకు, చెయ్యి మెత్తన.

ప్లాను బల్ల మీద పరిచాను. కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"నాలుగు ఆదివారాలు వచ్చి కొలిచావంటగా తమ్ముడూ?"

"అవునక్కా. ఆదివారమైతే ఖాళీగా ఉంటుందని."

"ఖాళీ ఆసుపత్రిని కొలిచి ఏం చేసుకుంటావ్? సోమవారం రావాల్సింది."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వేలు కారిడార్ మీద పెట్టింది.

"పేరు పిలిచేవాడు ఎక్కడ నించుంటాడు?"

"ఇదిగో, డాక్టరుగారి తలుపు దగ్గర."

"మరి కూర్చున్నోళ్లు?"

"ఈ హాల్లో. తోట కనబడుతూ ఉంటుంది."

"తోట సరే. పిలుపు ఎలా వినబడుద్ది?"

"మైకు పెడుతున్నాం అక్కా."

"మైకు," అని తనలో తను అనుకుంటున్నట్టు అని సంతకం పెట్టేసింది. ఆవిడ అనుమానం తీర్చేశాననుకున్నాను. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పానే గాని, ఎందుకు అడిగావని నేను అడగలేదు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను. అంత సులువుగా చేసిన తప్పు ఇంకోటి లేదు.

భవనం పూర్తయింది. పెద్దవాళ్లెవరో వచ్చి రిబ్బను కత్తిరించారు. ఫొటోలు తీయించడానికి మా ఆఫీసు మళ్లీ ఒక ఆదివారాన్నే ఎంచుకుంది. గాజులోంచి ఎండ పడుతున్న ఖాళీ హాలు, మెరుస్తున్న కుర్చీలు. ఆ ఫొటోలు చూసి వృత్తి సంఘంవాళ్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. పెద్దాయన దాన్ని తన కుర్చీ వెనక గోడకి తగిలించాడు. వచ్చిన ప్రతివాళ్లకీ నన్ను పిలిచి "ఇది ఈయన పని" అని చూపించేవాడు. నేను నేల మీద నడవడం మానేశాను.

మైకు రెండు నెలలు పనిచేసింది. పనిచేసిన రోజుల్లో కూడా ఆ గాజు హాల్లో గొంతు గింగిరాలు తిరిగి, ఎవరి పేరు పిలుస్తున్నారో తెలిసేది కాదట. తరవాత మామూలు పద్ధతే మొదలైంది. అటెండరు తలుపు తీసుకుని బయటికి వచ్చి, చేతిలో పర్చీల కట్ట, అంటే రోగుల పేర్లు రాసిన చీటీల కట్ట, పట్టుకుని, ఒక్కసారి పేరు పిలుస్తాడు. పలికితే లోపలికి. పలక్కపోతే ఆ పర్చీ కట్టలో అట్టడుక్కి వెళ్తుంది. ఇంక దాని వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో లేదో చెప్పలేం. మధ్యాహ్నం దాటాక డాక్టరు లేచిపోతారు. పొద్దున్నే మొదటి బస్సులో పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో తిరిగిపోవాలి.

అందుకని హాల్లో ఎవరూ కూర్చోలేదు. అందరూ వచ్చి ఆ తలుపుల ముందు, నేను తగ్గించిన కారిడార్లో, నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒక్కో రోగి వెనక ముగ్గురు నలుగురు మనుషులు, మూటలు, పిల్లలు. ప్రసూతి విభాగానికి స్ట్రెచర్ వెళ్లాల్సింది కూడా అదే దారి.

కొన్నాళ్లకి ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. కారిడార్ ఇరుకుగా ఉంది, స్ట్రెచర్‌కి అడ్డంకులు వస్తున్నాయి, వచ్చి చూడండి అని. పెద్దాయన దాన్ని నా బల్ల మీద పెట్టి జవాబు రాయమన్నాడు. రాశాను. కారిడార్ వెడల్పు నిబంధనల ప్రకారమే ఉందనీ, రోగుల బంధువులు తమకి కేటాయించిన సీట్లలో కూర్చోకపోవడం నిర్వహణ లోపమేగాని డిజైన్ లోపం కాదనీ, ఒక కాపలా మనిషిని పెట్టుకోవాలనీ. ఇంగ్లీషు మహా బాగా కుదిరింది. ఒక్క వాక్యంలో కూడా వేలు పెట్టే సందు లేదు. పెద్దాయన సంతకం చేశాడు. ఆసుపత్రివాళ్లు గార్డుని పెట్టారు. వాడు లాఠీ నేలకి తాటిస్తూ జనాన్ని లేపి హాల్లోకి తోలేవాడు. వీపు తిప్పగానే వాళ్లు మళ్లీ వచ్చి కూర్చునేవారు.

ఒక శనివారం అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, సోమవారం పొద్దున్నే రా. టేపు తేకు."

వెళ్లాను. చేతిలో పర్చీ పెట్టింది, నా పేరు రాసి ఉంది.

"నలభై దాటావుగా. బీపీ చూపించుకో."

"డాక్టరుగారు నాకు తెలుసుగా అక్కా, సీదా లోపలికే..."

"సీదా ఎందుకు? హాలు కట్టావుగా. పో, కూర్చో," అని వెళ్లిపోయింది.

కూర్చున్నాను. సొంత హాల్లో, సొంత కుర్చీలో. ఎదురుగా తోట ఎండిపోయి ఉంది. దాంట్లో తాళ్లు కట్టి ఆసుపత్రి దుప్పట్లు ఆరేశారు. నా పక్కన ఒక ముసలావిడ, నెలలు నిండుతున్న కోడలు. గార్డు అప్పుడే వాళ్లని కారిడార్లోంచి లేపి ఇక్కడికి తోలాడు. కోడలు కుర్చీలో వాలిపోయింది. పాదాలు బాగా వాచి ఉన్నాయి, చెప్పుల్లోకి దూరక పక్కన పెట్టుకుంది. ముసలావిడ కుర్చీలో కూర్చోలేదు. రెండు వరసల మధ్య గొంతుక్కూర్చుని, నిమిషానికోసారి సగం లేచి మలుపు వైపు చెవి రిక్కించేది.

"కూర్చోండి దాయీ, పిలుస్తారు," అన్నాను హిందీలో. ఇక్కడ పెద్దావిడల్ని దాయీ అంటాం, అమ్మా అన్నట్టు.

నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇహాఁ బైఠబో త నావ్ ల కోన్ సునహీ, బాబూ?"

ఇక్కడ కూర్చుంటే పేరెవరు వింటారు, అని. ఛత్తీస్‌గఢీ నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఏ ఊరు దాయీ మీది, అని అదే భాషలో అడిగాను.

మాటల్లో తెలిసింది. ఆరంగ్ దాటాక లోపలికి ఒక పల్లె వాళ్లది. కొడుకు ఇక్కడే ఊళ్లో, టాటీబంధ్‌లో లారీల దగ్గర పని చేస్తాడు, సాయంత్రం గాని రాడు. పోయిన వారం కూడా వచ్చారట. కోడలికి తలనొప్పి, కాళ్ల వాపు. ఆ రోజు కూడా ఇలాగే గార్డు హాల్లోకి తోలాడు, పేరు వినబడలేదు, డాక్టరు లేచిపోయాడు. బస్సు తప్పిపోతుందని తిరిగి వెళ్లిపోయారు. ఇదంతా ఆవిడ ఫిర్యాదులా చెప్పలేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పింది.

చాలాసేపు గడిచింది. ఇంక ఓపిక పట్టలేక లేచి, కారిడార్లో కాళ్లూ మూటలూ దాటుకుంటూ డాక్టరు తలుపు దగ్గరికి వెళ్లాను. అటెండరు నా పేరు విని కట్ట తిరగేసి చూపించాడు. నా పర్చీ దాదాపు అడుగున ఉంది.

"బులాయా థా. ఆప్ థే నహీ." పిలిచాను, మీరు లేరు, అని.

"నేను హాల్లోనే ఉన్నాను!"

"హాల్‌లో ఉంటే నాకేం తెలుస్తుంది సాబ్? నాకు కనబడరు, నేను మీకు వినబడను," అన్నాడు హిందీలో. పెద్దవయసు మనిషి, చెడ్డవాడు కాదు. "రెండుసార్లు పిలిస్తే లోపల డాక్టరుగారు అరుస్తారు. వదిలి రావడానికి లేదు. నేను ఏం చెయ్యను చెప్పండి."

నా పర్చీకి కిందే ఇంకో రెండు ఉన్నాయి. వాటిల్లో ఒకటి ముసలావిడ కోడలిది. దాన్ని పైకి పెట్టమని అడగబోతున్నాను. అప్పుడే హాల్లోంచి ముసలావిడ కేక వినబడింది.

కోడలికి నొప్పులు మొదలయ్యాయి. స్ట్రెచర్ వచ్చింది. గార్డు అరుస్తున్నాడు, జనం గోడలకి అతుక్కుపోయారు. మలుపు దాకా ఎలాగో తెచ్చారు. అక్కడ ఆగిపోయింది.

ప్లానులో నేను స్ట్రెచర్‌ని ఒక చిన్న దీర్ఘచతురస్రంలా గీసి, ఆ మలుపులో తిప్పి చూసుకున్నాను. తిరిగింది. కాగితం మీద స్ట్రెచర్‌ని తోసేవాళ్లు ఉండరు. పక్కన సెలైన్ సీసా ఎత్తిపట్టుకున్న నర్సు ఉండదు. కోడలి చెయ్యి వదలని అత్త ఉండదు. నేల మీద చెప్పులు, మూటలు, లేవలేని ముసలాళ్లు ఉండరు. ముందు చక్రం వెళ్లి నా పూలతొట్టి మూలకి కొట్టుకుని ఇరుక్కుంది. నేను వంగి లాగాను, ఇంకో ఇద్దరు లాగారు. కదల్లేదు.

అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఒక్కసారి చూసింది.

"ఇంక కదపొద్దు. ఇక్కడే. టైమ్ లేదు."

తరవాత జరిగింది ఎవరూ చెప్పి చేయించింది కాదు. నేల మీద కూర్చున్న ఆడవాళ్లంతా లేచారు. కొంగులు విప్పి, దుప్పట్లు తీసి, మూటల్లోంచి చీరలు లాగి ఒకరి చేతికి ఒకరు అందించుకుని చుట్టూ తెరలా నిలబడ్డారు. మగవాళ్లంతా అటు తిరిగారు. ఎవరో నా చేతిలో కూడా ఒక దుప్పటి కొన పెట్టారు. నేను గట్టిగా పట్టుకుని, మొహం క్రోటన్ మొక్కల వైపు తిప్పుకుని నిలబడ్డాను. ఒకామె నీళ్ల కోసం దారి చేసింది. ఇంకొకామె అక్కకి వెలుతురు సరిపోవడం లేదని పక్కకి జరిగింది. నేను ఏడాది పాటు గీసి కట్టించలేని గదిని వాళ్లు నిమిషంలో కట్టారు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. అక్క గొంతు వినబడుతూనే ఉంది, హిందీలో, తెలుగులో, మధ్యలో ప్రభువా అంటూ. ఆ అమ్మాయి అరుపు ఆగిపోయింది. ఈ మనిషికి ఏమన్నా అయితే చేసింది నేనే అనుకున్నాను. గార్డూ కాదు, అటెండరూ కాదు, ఆ ఉత్తరం రాసిన నేను. అంత భయం నేను అంతకుముందు పడలేదు, ఆ తరవాతా పడలేదు. అప్పుడు బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది.

సాయంత్రం అక్క చేతులు కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇద్దరూ బానే ఉన్నారు," అంది. "దానికి బీపీ ఎంతుందో తెలుసా? పోయినవారం నా కళ్లబడి ఉంటే ఆ రోజే బెడ్డు ఇచ్చేదాన్ని. దేవుడు కాపాడాడు, బస్."

"నన్ను తిట్టక్కా."

"తిడితే గోడ జరుగుద్దా? పోయి పని చూడు."

మర్నాడు పెద్దాయన గదిలోకి వెళ్లి, ఆ ఉత్తరం నకలు ఆయన ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఇది తప్పు ఉత్తరం, వెనక్కి తీసుకుంటూ ఇంకోటి రాస్తాను, మీరు సంతకం చేయనంటే నా పేరు మీదే పంపిస్తాను అన్నాను. ఆయన అంత గట్టిగా అరవగలడని ఆ రోజే తెలిసింది.

"మతి ఉందా రావ్ జీ? తప్పు మాదే అని రాసిచ్చే ఆర్కిటెక్టుని ఎక్కడైనా చూశావా? రేపు ఎవరిస్తారు మనకి పని?"

ఆ మాటలో నిజం ఉంది. కొత్త రాజధానిలో ఒక పెద్ద పని కోసం మా ఆఫీసు అప్పుడే కాగితాలు పెట్టింది. ఆ కాగితాల్లో మొదటి పేజీ నా హాలు ఫొటోనే. ఆఫీసులో ఇరవైమంది ఆ పని మీద ఆశలు పెట్టుకున్నారు. నేను వాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నానేమో అని భయపడ్డాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "వచ్చే సోమవారం ఒక్క గంట నాతో రండి సార్. చూశాక మీ ఇష్టం," అన్నాను. ఆయన వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. ఉద్యోగం పోయినట్టే అనుకుని ఇంటికి వెళ్లి మా ఆవిడకి కూడా చెప్పేశాను.

సోమవారం పొద్దున ఆయన కారు మా వాకిట్లో ఆగింది. ఎక్కమన్నట్టు తలుపు తీశాడు. ఆసుపత్రిలో ఆ మలుపు దగ్గర అరగంట నిలబడ్డాడు. ఒక స్ట్రెచర్ వస్తుంటే గోడకి అతుక్కోబోయి, ఎవరిదో మూట తగిలి, కళ్లజోడు కింద పడింది. ఒక పల్లెటూరి పిల్ల ఏరి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాడు.

"వాళ్లకి ఎక్కడ కూర్చోవాలని ఉందో అడిగావా?"

"లేదు సార్."

"మరి ఏం గీస్తావు?"

కొత్త ఉత్తరం ఆయనే రాశాడు. నా ఇంగ్లీషంత నునుపుగా లేదు. తప్పు మాది, దిద్దే పని మేమే చేస్తాం అని రెండు ముక్కలు.

ఆ తరవాత చాలా సోమవారాలు నేను సుద్దముక్కలు తీసుకుని వెళ్లాను. హాలు నేల మీద ఉన్నదున్నంత కొలతలో గీతలు గీసేవాణ్ని. ఇక్కడ తలుపు వస్తే ఎలా ఉంటుంది, ఇక్కడ అరుగు వస్తే కూర్చుంటారా, స్ట్రెచర్‌కి అటువైపు వేరే దారి ఇస్తే? జనం మొదట నన్ను వింతగా చూశారు. తరవాత మొహమాటం పోయింది. ఒకామె నేను గీసిన అరుగు గీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తలుపు కనబడటం లేదని కాలితో గీత చెరిపేసింది. ఇంకొకామె పడుకోబెట్టాల్సిన మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలి అని అడిగింది. పర్చీలు పిలిచే అటెండరు, తనకి ఒక మెట్టు ఎత్తు కావాలన్నాడు, మొహాలు కనబడితే పిలవడం సులువట. తోట కావాలని అడిగింది ఒకే ఒక్క ముసలాయన, అదీ బీడీ కాల్చుకోవడానికి. నాకు కాస్త మనసు చివుక్కుమంది. తోట ఉంచాను.

అనుమతుల కోసం ఎన్ని మెట్లు ఎక్కి దిగామో చెబితే ఈ కథ పక్కదారి పడుతుంది. దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. డాక్టర్ల గదుల తలుపులు హాల్లోకే తెరిచాం. గొంతు గింగిరాలు తిప్పిన గాజు గోడ పగలగొట్టి, సగం కుర్చీలు పీకించాం. మధ్యలో వెడల్పాటి రాతి అరుగులు వచ్చాయి, కాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లకి, మూట పెట్టుకునేవాళ్లకి. ప్రసూతి విభాగానికి వేరే దారి తీశాం. తొట్టిని పగలగొట్టిన రోజు మేస్త్రీ చేతిలోంచి సుత్తి తీసుకుని మొదటి దెబ్బ నేనే వేశాను. నాకు సుత్తి పట్టడం చేతకాదు, బొటనవేలు నలిగింది.

రాజధాని పని మాకు రాలేదు. ఉత్తరం వల్లే రాలేదో, వేరేవాళ్లు బాగా గీశారో ఇప్పటికీ తెలియదు. రెండేళ్లు ఆఫీసు కష్టంగా ఈదింది. పెద్దాయన ఆ సంగతి నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆఫీసులో కొందరు మాత్రం నాతో చాలాకాలం ముభావంగా ఉన్నారు. వాళ్లని నేను తప్పు పట్టను.

ఆఫీసులో నన్ను అడిగిన పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే ఉంది. మన పనిలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. డాక్టరు తప్పు చేస్తే రోగి ఎదురుగానే ఉంటాడు. మనం గీసినదాంట్లో ఎవరైనా ఇరుక్కునే రోజున మనం అక్కడ ఉండం, వేరే చోట వేరే ఏదో గీస్తూ ఉంటాం. ఆ సౌకర్యానికి అలవాటు పడకండి. మీరు గీసిన చోటికి పని ఉన్న మనిషిలా వెళ్లి వరసలో కూర్చోండి. విసుగేస్తుంది, నడుం నొప్పి పుడుతుంది, ఎవడో లాఠీతో లేపుతాడు. అవన్నీ మీ డ్రాయింగ్‌లోకి రావాలి. జనం డబ్బుతో, జనం కోసం గీసే ప్రతి గీతకీ మనం జవాబుదారీ. ఇది నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా బహుశా వినేవాణ్ని కాదు.

హాలు మళ్లీ తెరిచాక కొన్ని వారాలకి అక్క కబురు పెట్టింది. ఆ పిల్లకి తొమ్మిదో నెల టీకా, అత్తా కోడలూ వస్తున్నారు, రా అని. వెళ్లేసరికి హాలు కిటకిటలాడుతోంది. అరుగుల మీద జనం, మూటలు, ఏడుస్తున్న పిల్లలు. నేను అక్క పక్కన గోడకి ఆనుకుని నిలబడి వెతికాను. కోడలు అరుగు చివర ఎవరితోనో కబుర్లు చెబుతోంది. ముసలావిడ ఎక్కడా కనబడలేదు.

"అదిగో," అంది అక్క.

ముసలావిడ అరుగు మీద మనవరాలిని పొట్టకి ఆనించుకుని, మోచెయ్యి తలకింద పెట్టుకుని, నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆ హాల్లో నిద్రపోయిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. కదిలితే ఎక్కడ లేస్తుందోనని నేను కాలు కూడా కదపలేదు.

తలుపు తెరుచుకుంది. అటెండరు మెట్టు మీద నిలబడి పేరు పిలిచాడు. కబుర్లలో పడ్డ కోడలితో సహా ఎవరూ పలకలేదు. పర్చీ చూశాడు, హాలంతా కలియజూశాడు. మెట్టు దిగి, మనుషుల మధ్యలోంచి వచ్చి, ముసలావిడ పాదం మీద మెల్లగా తట్టాడు.

"దాయీ, ఓ దాయీ. ఉఠ్ న. తోర్ బారీ ఆగే."

నీ వంతు వచ్చింది లే, అని. ఆవిడ కళ్లు తెరిచి, ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. నిద్ర చెడగొట్టినందుకు అతని మీద మొహం చిట్లించింది.

"అతేక్ జల్దీ?"

ఇంత తొందరగానా, అని విసుక్కుంటూనే కొంగు సర్దుకుని, మనవరాలిని ఎత్తుకుని లోపలికి వెళ్లింది.